పిండి పదార్థాలు తగ్గిస్తే మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, తర్వాత బీపీ వచ్చి చేరింది, ఈమధ్య స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ కూడా ఉందన్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నాను. మా అక్క పిండి పదార్థాలు తగ్గించే లో కార్బ్ డైట్‌తో బాగా తగ్గింది, తన షుగర్ కూడా దారికొచ్చింది. అది చూసి నేనూ మొదలుపెట్టాను. మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను గానీ, మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఒంట్లో చెడంతా పోతోంది, కొన్నాళ్లు ఓర్చుకో అంటోంది అక్క. ఓర్చుకోవాలా, మాత్రలు మానేయాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఓర్చుకోకండమ్మా. ఇది చదివిన వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేసి, తిండి మార్చానని, ఇలా వణుకు వస్తోందని చెప్పండి. మిగతాది ఆ తర్వాత చదవొచ్చు.

వణుకు, చెమటలు రక్తంలో షుగర్ మరీ పడిపోయినప్పుడు వచ్చే లక్షణాలు. గ్లిమెపిరైడ్ ఏం చేస్తుందంటే, మీరు తిన్నా తినకపోయినా క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు అంతకుముందు తినే తిండిని బట్టి డాక్టరు ఆ మోతాదు రాశారు, ఇప్పుడు తిండి తగ్గింది, మాత్ర మాత్రం అంతే ఉంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. డైట్ చెడిపోతుందేమో అని ఆ సమయంలో ఆలోచించొద్దు. దాన్నలా వదిలేస్తే స్పృహ తప్పే దాకా వెళ్లొచ్చు.

కళ్లు తిరగడానికి కారణం వేరే ఉండొచ్చు. పిండి పదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, అది తగ్గితే కిడ్నీలు ఉప్పునీ నీటినీ ఎక్కువగా బయటికి పంపేస్తాయి, దాంతో బీపీ దిగుతుంది, పైన బీపీ మాత్ర ఎలాగూ ఉంది. కాబట్టి రోజూ బీపీ కూడా కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చూసి రాసి పెట్టండి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మీరు తగ్గిన మూడు కిలోల్లో ఎక్కువ భాగం కూడా నీరే. కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. రెండో నెలలో బరువు ఇంత వేగంగా తగ్గదు, అప్పుడు నిరుత్సాహపడకండి.

మరి డైట్ మానేయాలా అంటే, అక్కర్లేదు అనే నా అభిప్రాయం. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు పిండి పదార్థాలు తగ్గించడం నిజంగా పనిచేస్తుంది. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 23 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. ఆరు నెలలకు లో కార్బ్ వాళ్లలో షుగర్ అదుపు బాగా మెరుగైంది, ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. ఎక్కువ మంది అంతకాలం పాటించలేకపోవడం దీనికో పెద్ద కారణమని నేననుకుంటాను, అందుకే మీలాంటి వాళ్లకు రోజుకు 20 నుంచి 50 గ్రాముల పిండి పదార్థాలతో సరిపెట్టే కీటో డైట్ నేను చెప్పను. 130 గ్రాములకు కాస్త లోపల ఉన్నా లో కార్బే అవుతుంది, దాన్ని ఏళ్ల తరబడి పాటించగలరు. ఫ్యాటీ లివర్‌కు కూడా బరువు నిదానంగా తగ్గడమే మంచిది. పన్నెండేళ్ల షుగర్ అన్నారు కదా, రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష ఈమధ్య చేయించుకోకపోతే ముందు అది చేయించండి, ఎందుకంటే షుగర్ ఒక్కసారిగా తగ్గితే అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొన్నాళ్లు ఇంకా పాడయ్యే అవకాశం ఉంది.

తీసేసిన దాని స్థానంలో ఏం తింటున్నారో మీ ఉత్తరంలో రాయలేదు, అది నాకు చాలా ముఖ్యం. మాంసం, వెన్న, చీజ్‌తోనే కడుపు నింపుకుంటే కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. గింజలు, చిక్కుడు జాతి గింజలు, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, పిండి తక్కువున్న కూరగాయలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించండి.

మాత్రల సంగతి. గ్లిమెపిరైడ్ తగ్గించాల్సి రావొచ్చు, ఆపాల్సీ రావొచ్చు, బీపీ మాత్ర కూడా అంతే, కానీ ఎంతన్నది మీ డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్‌ను అంతగా పడగొట్టదు, దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు. అక్కగారు ఏ మాత్రలు వాడుతున్నారో అడగండి. ఇన్సులిన్ విడుదల చేయించే మాత్ర ఆవిడకు లేకపోతే, ఆవిడ అనుభవంతో మీది పోల్చుకోవడం కుదరదు.

ప్రశ్న: షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. కీటో చేయొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: ఆ మాత్ర వాడుతూ చేయొద్దండి. అది షుగర్‌ను మూత్రంలో పంపేస్తుంది, పైగా ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లు పెరిగేలా చేస్తుంది, దానికి కీటో డైట్ తోడైతే రక్తం ఆమ్లంగా మారే కీటో అసిడోసిస్ రావొచ్చు. భయపడాల్సిందేమిటంటే, ఆ సమయంలో మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించొచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని ఊరుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, మాత్ర పేరు చెప్పి, కీటోన్ల పరీక్ష చేయమని మీరే అడగండి.