పచ్చళ్ళు కాదు, పథ్యం పొడులు ఆలోచించండి

ఈ మధ్యే డాలస్ వచ్చి, హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్నవాళ్ళ భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి కార్డు) చేతికి రాగానే ఇంట్లోనే పచ్చళ్ళు, పిండివంటలు మొదలుపెడదామనుకుంటున్న చెల్లెళ్ళు తరచూ అడుగుతున్నారు. నా మాట ఒక్కటే: పచ్చళ్ళతో మొదలుపెట్టకండి. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఆవకాయకి, అరిసెలకి కొదవ లేదు. ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా పదిమంది నంబర్లు పెడతారు. పదకొండోవాళ్ళుగా దిగితే రేటు తగ్గించడం తప్ప దారి ఉండదు.

అదే గ్రూపులో బాలింతకి పథ్యం పొడులు ఎవరు చేసిస్తారని అడిగితే, "మా అమ్మ వస్తూ తెచ్చిందండీ" అనే జవాబే ఎక్కువ. మరి అమ్మకి వీసా రానివాళ్ళు, ప్రయాణం చేసే ఓపిక లేని తల్లులున్నవాళ్ళు ఏం చేయాలి? ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బాలింతకి వేడన్నంలో నెయ్యి, శొంఠిపొడి కలిపి మొదటి ముద్ద పెట్టేవాళ్ళుండరు. శొంఠిపొడి, ధనియాల కారం, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి... ఇవన్నీ కొట్టులో విడిగా దొరుకుతాయి కానీ కారాల్లో ఎండుమిర్చి ఎక్కువ. మిర్చి తగ్గించి, మిరియం వేసి, తాజాగా దంచి ఇచ్చేవాళ్ళకి జనం సంతోషంగా డబ్బిస్తారు. డెలివరీ తేదీ నెలల ముందే తెలుస్తుంది కాబట్టి హడావుడి ఉండదు, సరుకు మిగిలిపోదు. బాలింత ఒకసారే కొంటుంది కదా అనుకోకండి, సీమంతానికి బహుమతిగా సెట్టు కొనిచ్చే స్నేహితురాళ్ళే అసలు గిరాకీ. పథ్యం ఇంటింటికీ మారుతుంది, గుంటూరువాళ్ళు తినేది కరీంనగర్‌వాళ్ళు తినకపోవచ్చు. ఆర్డర్ తీసుకునేటప్పుడే వాళ్ళ అమ్మతో ఫోన్‌లో మాట్లాడి, ఏం వేయాలో, ఏం వేయకూడదో రాసుకోండి.

టెక్సాస్‌లో ఇంట్లో వండి అమ్ముకోనిచ్చే కాటేజ్ ఫుడ్ చట్టం ఇలాంటి పనికి బాగా అనుకూలం. ఆహార శుభ్రత నేర్పే ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. 2025 సెప్టెంబర్ నుంచి ఏడాది అమ్మకాల పరిమితి 50,000 నుంచి 1,50,000 డాలర్లకి పెరిగింది. చికెన్, రొయ్యల పచ్చళ్ళు మాత్రం ఈ చట్టం కింద అమ్మకూడదు.

వీసా సంగతి ముందే చూసుకోండి. ఈఏడీ లేని హెచ్4 మీద వ్యాపారం వద్దు. మీ ఆయన హెచ్1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఎవరికీ పని చేయకూడదు, మీ ప్యాకింగ్ పని కూడా ఆయనతో చేయించకండి. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే ఈఏడీ రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు అయిపోతే కొత్తది వచ్చేదాకా పని ఆపాల్సిందే. అందుకే ఆరు నెలల ముందే అప్లై చేయండి, గడువు దాటాక ఇవ్వాల్సిన ఆర్డర్లు ఒప్పుకోకండి.

లేబుల్ దగ్గర బద్ధకించొద్దు. "పాలు పడతాయి, నడుంనొప్పి తగ్గుతుంది" అని రాయకండి, మందులా చెప్పి అమ్మితే, ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏతో తలనొప్పి. వేరుశనగ, జీడిపప్పు వాడితే తప్పక రాయాలి. 2023 నుంచి నువ్వులు కూడా ఇలా తప్పక రాయాల్సిన అలర్జీ సరుకుల జాబితాలో చేరాయి. నువ్వులపొడి కొట్టిన మిక్సీ జార్‌లో ఇంకే పొడీ కొట్టకండి, ఆ జార్ వేరేగా పెట్టుకోండి.