సూదుల ప్యాకేజీకి ఐవీఎఫ్ డబ్బు ముట్టుకోవచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్లు, మా వారికి 38. ఇద్దరిదీ హెచ్‌1బీ, జీతాలు కలిపి ఏడాదికి 1,75,000 డాలర్లు. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని సమస్య) ఉంది. రెండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్రలతో నాలుగు సైకిల్స్ అయ్యాక డాక్టర్ ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) వెళ్లమన్నారు. మందులతో కలిపి 21,000 డాలర్లు అవుతుందట. ఇద్దరి ఇన్సూరెన్సుల్లోనూ అది లేదు. ఈలోగా స్నేహితురాలు చెబితే ఒక చైనీస్ వైద్య క్లినిక్‌కు వెళ్లాం. ముందు ఆరు నెలలు ఒంటిని సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే ఐవీఎఫ్ చేయించుకోమన్నారు. ఆక్యుపంక్చర్ (ఒంటికి సన్నని సూదులు గుచ్చే వైద్యం) 24 సిటింగులు, ఒక్కోటి 120 డాలర్లు. మూలికలు నెలకు 180. పిండాన్ని గర్భంలో పెట్టే రోజున ముందొకసారి, తర్వాత ఒకసారి, 250 చొప్పున. అంతా 4,460. ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తారట. మా చేతిలో 32,000 ఉంది. ఇంటి ఖర్చు నెలకు 4,800. ఊరికి పంపేవి, వాయిదాలు పోను నెలకు 1,500 మిగులుతోంది. వచ్చే నెల ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (కంపెనీలో వచ్చే ఏడాదికి ఇన్సూరెన్స్ ప్లాన్లు ఎంచుకునే సమయం). 4,460 కట్టేయమంటారా?

జవాబు: కట్టకండి. మరీ కావాలనిపిస్తే అందులో 960 డాలర్ల వరకు ఖర్చు పెట్టుకోవచ్చు. ఎందుకో చెబుతాను.

డాలర్ల కంటే ముందు నెలలు లెక్కపెట్టండి. 35 దాటిన స్త్రీకి ఆరు నెలలు ప్రయత్నించినా నిలవకపోతే ఇక ఆగకుండా పరీక్షలకు వెళ్లాలన్నది అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ సలహా. మీకు రెండేళ్లయింది, డాక్టర్ దారి కూడా చెప్పేశారు. ఇప్పుడు ఇంకో ఆరు నెలలు ఆగితే మీకు 37కు దగ్గరపడుతుంది. ఈ వయసులో అండాల సంఖ్యా, నాణ్యతా కాలంతో పాటే తగ్గుతాయి. దాంతో రెండో సైకిల్ అవసరం పడే అవకాశం పెరుగుతుంది. అంటే ఈ ప్యాకేజీలో అన్నిటికంటే ఖరీదైనది రసీదు మీద ఎక్కడా కనిపించని ఆ ఆరు నెలలే.

ఇక సూదుల వల్ల ఫలితం ఎంత అన్నది. 2002లో జర్మనీలో 160 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. పిండం పెట్టడానికి ముందూ తర్వాతా పాతికేసి నిమిషాలు సూదులు పెట్టినవాళ్లలో 42.5 శాతం మందికి గర్భం నిలిచింది, పెట్టనివాళ్లలో 26.3 శాతానికే. క్లినిక్‌లో చెప్పిన 'ముందొకసారి, తర్వాత ఒకసారి' పద్ధతి వచ్చింది అక్కడి నుంచే. కానీ అందులో రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులైనా పెట్టలేదు, ఊరికే పడుకోబెట్టారు. ఎవరికి ఏం చేశారో అందరికీ తెలుసు. ఆ లోటు సరిచేసి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది ఐవీఎఫ్ స్త్రీల మీద చేసిన పరీక్ష 2018లో వెలువడింది. అసలు సూదులు పెట్టినవాళ్లలో బిడ్డ పుట్టింది 18.3 శాతానికి, ఉత్తుత్తి సూదులవాళ్లలో 17.8 శాతానికి. తేడా లేనట్టే.

మీకు ఇంకా దగ్గరైన పరీక్ష చైనాలోనే జరిగింది. పీసీఓఎస్ ఉన్న 1,000 మందిని తీసుకున్నారు, ఫలితం 2017లో వచ్చింది. ఆక్యుపంక్చర్ పుట్టిన దేశంలో, దాన్ని నేర్చినవాళ్లే చేసినా, అసలు సూదులవాళ్లలో 21.8 శాతానికి, ఉత్తుత్తి సూదులవాళ్లలో 22.4 శాతానికి బిడ్డలు పుట్టారు. అదే పరీక్షలో అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫెన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 28.7 శాతం, మాత్ర పేరుతో ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్లలో 15.4 శాతం. మందు పనిచేసినట్టు స్పష్టంగా కనబడింది, సూది కనబడలేదు.

అంతమాత్రాన సూదులు శుద్ధ దండగ అనను. ఐవీఎఫ్ మనిషిని నలిపేస్తుంది. రోజూ ఇంజెక్షన్లు, రెండు రోజులకోసారి స్కాన్, ఫోన్ మోగితే గుండె దడ. అలాంటి రోజుల్లో వారానికోసారి ఓ గంట ప్రశాంతంగా పడుకుని రావడం మీకు బాగుంటే దానికి విలువుంది. ఆందోళన తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లోనూ కనిపించింది. అయితే ఆ ఖర్చును వైద్యం పద్దులో కాకుండా మనశ్శాంతి పద్దులో రాసుకోండి. ఆ పద్దుకు ఒక హద్దు ఉండాలి.

మీ డబ్బు ఇలా సర్దుదాం. ఇద్దరిదీ హెచ్‌1బీ కాబట్టి ఉద్యోగం పోతే దేశంలో ఉండేందుకు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. అందుకని నాలుగు నెలల ఇంటి ఖర్చు, 19,200 డాలర్లు, ఐవీఎఫ్‌కు కూడా ముట్టుకోకండి. 32,000లో ఇక మిగిలేది 12,800. డిసెంబరు చివరికి నెలకు 1,500 చొప్పున 4,500 చేరుతుంది. మిగతాది ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో దొరుకుతుంది. హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ అంటే పన్ను పడకముందే జీతంలోంచి వైద్య ఖర్చుకు పక్కన పెట్టే కంపెనీ ఖాతా; 2026కు దాని పరిమితి మనిషికి 3,400. ఇద్దరి కంపెనీల్లోనూ ఉంటే ఇద్దరూ పూర్తిగా పెట్టండి, 6,800 అవుతుంది. మొత్తం 24,100. ఐవీఎఫ్ పోను 3,100 మిగులు.

ఎఫ్‌ఎస్‌ఏలో మీకు రెండు లాభాలు. మీ శ్లాబు 22 శాతం, దానికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కలిపితే 6,800 మీద సుమారు 2,016 డాలర్ల పన్ను తప్పుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను ఎటూ లేదు. జీతంలోంచి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా కోసినా, ఏడాది మొత్తం సొమ్ము ప్లాన్ మొదలైన రోజు నుంచే వాడుకోవచ్చన్నది రెండోది. జనవరిలో మొత్తం వాడేశాక మార్చిలో ఉద్యోగం పోయినా, కట్టని భాగాన్ని కంపెనీ వెనక్కి అడగలేదు. ఇందుకు ఇద్దరి చేతికొచ్చే జీతం కలిపి నెలకు దాదాపు 400 తగ్గుతుంది. జనవరి నుంచి పొదుపు 1,500 కాదు, 1,100 అనుకోండి.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది తట్టుకుని పడేది ఇక్కడే. మీలో ఎవరైనా హై డిడక్టిబుల్ ప్లాన్‌తో (మొదట పెద్ద మొత్తం మనమే భరించాల్సిన ఇన్సూరెన్స్) హెచ్‌ఎస్‌ఏ (దానితోపాటు వచ్చే పన్ను లేని వైద్య పొదుపు ఖాతా) కడుతుంటే, రెండోవాళ్ల మామూలు ఎఫ్‌ఎస్‌ఏ కూడా ఆ అర్హతను చెడగొడుతుంది. ఎందుకంటే ఆ ఎఫ్‌ఎస్‌ఏ భార్య లేదా భర్త ఖర్చుకూ వర్తిస్తుంది. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. హెచ్‌ఎస్‌ఏలో 2026కు కుటుంబ పరిమితి 8,750. కానీ అందులో జమ అయినంతే తీయగలరు, జనవరిలోనే 21,000 బిల్లుకు అది అంతగా ఆదుకోదు.

ఆక్యుపంక్చర్‌కు ఎఫ్‌ఎస్‌ఏ చెల్లుతుందని క్లినిక్‌వాళ్లు చెప్పే ఉంటారు. నిజమే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 502వ ప్రచురణలో ఆక్యుపంక్చర్ వైద్య ఖర్చుగానే ఉంది. కానీ మీ 6,800నూ ఐవీఎఫ్ ఎలాగూ మింగేస్తుంది. సూదులకు పెట్టే ప్రతి డాలరూ ఐవీఎఫ్ బిల్లులో ఒక డాలరును పన్ను కట్టిన సొమ్ములోకి నెడుతుంది. కాబట్టి మీ విషయంలో సూదుల మీద పన్ను ఆదా సున్నా. రిటర్న్‌లో వైద్య ఖర్చు చూపిద్దామన్నా ఏజీఐలో (పన్ను లెక్కకు సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) 7.5 శాతం దాటిన భాగమే లెక్కలోకి వస్తుంది. పైగా 2026కు 32,200 స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే ఆదాయంలోంచి తీసేసుకునే మొత్తం) వదులుకోవాలి. సొంతిల్లు, లోను వడ్డీ లేనివాళ్లకు అది గిట్టదు.

ఒకేసారి కడితే ఇచ్చే 10 శాతం తగ్గింపు జోలికి అసలు వెళ్లకండి. ఎఫ్‌ఎస్‌ఏ చూసేది డబ్బు కట్టిన తేదీని కాదు, వైద్యం జరిగిన తేదీని. డిసెంబరులో 24 సిటింగులకు కట్టి రసీదు పంపితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. రసీదు మీద రోగి పేరు, చేసినవాళ్ల పేరు, తేదీ, ఏం చేశారు, ఎంత అనే ఐదూ ఉండాలి. కార్డు గీసిన చీటీ చాలదు.   ఐవీఎఫ్ సెంటర్ ముందే మొత్తం కట్టించుకున్నా ఇదే సమస్య వస్తుంది. అండాలు తీశాక తేదీలవారీ బిల్లు అడిగి తీసుకుని అప్పుడు క్లెయిమ్ పెట్టండి. ఇక సూదుల ప్యాకేజీ విషయంలో, మధ్యలో గర్భం నిలిచినా, డాక్టర్ మానేయమన్నా మిగతా సిటింగుల డబ్బు రావడం కష్టం. అడిగినా అడగకపోయినా, రీఫండ్ గురించి కాగితం మీద లేకపోతే లేనట్టే.

చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు ఆక్యుపంక్చర్‌ను నొప్పులకో, వాంతులకో ఇస్తాయి తప్ప సంతానలేమికి ఇవ్వవు. నడుం నొప్పి అని బిల్లు రాద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది మోసం, మీ పేరు మీదే ఉంటుంది.

మూలికలకు పెట్టే 1,080 డాలర్లు మాత్రం పూర్తిగా కొట్టేయండి. ఇది డబ్బు మాట ఒక్కటే కాదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే చైనీస్ మూలికల మాత్రల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలిక కలిసింది. అవి వాడిన ఎందరో స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి. కషాయాల్లో తరచూ ఉండే డాంగ్ గ్వాయ్ అనే వేరు రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచగలదు. ఐవీఎఫ్‌లో కొందరికి ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. ప్యాకెట్ మీద 'ఫార్ములా 3' అని రాసి, లోపలేముందో చెప్పనిది ఏదీ నోట్లో వేసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ ప్యాకెట్ పట్టుకెళ్లి మీ ఐవీఎఫ్ డాక్టర్‌కు చూపించండి. పన్ను వైపు చూసినా, మూలికలకు డాక్టర్ నిర్ధారించిన జబ్బుకు ఇచ్చినట్టు ఉత్తరం లేకపోతే ఎఫ్‌ఎస్‌ఏ ఇవ్వదు.

పిండం పెట్టే రోజు 500 డాలర్ల సిటింగులు కూడా వద్దు. ఆ రోజు ట్రాఫిక్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరుగులు పెట్టడం ప్రశాంతత కాదు.

ఇక మీరు పెట్టుకోగల 960 అంటే ఎనిమిది సిటింగులు, ఒక్కోటి 120. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు మొదలైన వారం నుంచి వారానికి ఒకటి, అయినదానికి అయినప్పుడే డబ్బు. టెక్సాస్ మెడికల్ బోర్డు సైట్‌లో వాళ్ల లైసెన్స్ చూసుకోండి. సూదులు మీ ఎదుట సీలు విప్పి, ఒక్కసారే వాడి పారేసేవై ఉండాలి. మూడో సిటింగ్‌కే హాయి అనిపించకపోతే ఆపేయండి, కట్టింది 360 మాత్రమే. మిగులు 3,100లో ఇది పోగా 2,140 ఉంటుంది. అది పిండాలు గడ్డకట్టించి దాచే ఫీజుకూ, తర్వాత ఇంకోసారి పిండం పెట్టించుకోవడానికీ ఉంచండి. 21,000 అంచనాలో ఇవి రెండూ ఉన్నాయో లేదో ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.

దాంతోపాటు ఇద్దరూ హెచ్‌ఆర్‌కు విడివిడిగా మెయిల్ పెట్టండి. 2026 ప్లాన్లలో ఏ ఒక్కదానికైనా సంతాన చికిత్స ప్రయోజనం ఉందా, ప్రోజినీ, క్యారట్ లాంటి సంస్థల ద్వారా ఏమైనా ఇస్తున్నారా అని అడగండి. టెక్సాస్ చట్టం ప్రకారం బీమా కంపెనీ ఐవీఎఫ్ కవరేజీని యజమానికి ప్రతిపాదించాలి, తీసుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. కంపెనీ తానే భరించే ప్లాన్లకైతే ఆ చట్టమే వర్తించదు. ఒకరి కంపెనీలో ఉండి ఇంకొకరి దాంట్లో లేకపోతే, ఇద్దరూ ఆ ప్లాన్‌లోకి మారే అదను వచ్చే నెలే. అది గనక దొరికితే పై లెక్కంతా మారిపోతుంది, ఆ జవాబు రాగానే మళ్లీ రాయండి.