పొద్దున లేత గీత, మర్నాడు సాయంత్రం ఏమీ లేదు: ఏ టెస్ట్‌ని నమ్మాలి?

ప్రశ్న: నెలసరి నాలుగు రోజులు ఆలస్యమైంది. నిన్న పొద్దున ఇంట్లో చేసుకున్న ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో రెండో గీత చాలా లేతగా వచ్చింది. ఇవాళ సాయంత్రం వేరే కంపెనీ కిట్‌తో చేస్తే ఒక్క గీతే. గర్భం ఉన్నట్టా, లేనట్టా?

జవాబు:

ముందు నిన్నటి గీత గురించి రెండు సంగతులు గుర్తు తెచ్చుకోండి. దానికి రంగు ఉందా? ఎన్ని నిమిషాలకు కనిపించింది? గులాబీ రంగులో, కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన సమయం లోపలే కనిపించి ఉంటే నేనైతే నిన్నటిదాన్నే నమ్ముతాను. ఇవాళ్టి నెగటివ్‌ని అనుమానించడానికి రెండు కారణాలున్నాయి: సాయంత్రం మూత్రం, వేరే కిట్. కాబట్టి కంగారుపడి ఈ రాత్రికి మూడోది చేయకండి. ఎల్లుండి పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో, నిన్న వాడిన కంపెనీదే ఇంకో కిట్‌తో చేయండి. రేపు కాకుండా ఎల్లుండి ఎందుకో తెలియాలంటే ఈ టెస్ట్ దేన్ని వెతుకుతుందో తెలియాలి.

అది వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాకే ఇది తల్లి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య, ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజులకు, పిండం అతుక్కుంటుంది. అంతకుముందు ఎంత ఖరీదైన కిట్ వాడినా గీత రాదు, దొరకడానికి అక్కడ హార్మోనే ఉండదు. ఆ తర్వాత తొలి వారాల్లో అది సుమారు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. మామూలు స్ట్రిప్‌లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర పట్టుకుంటాయి, కొన్ని 10 దగ్గరే పట్టుకుంటాయి. ఈ అంకె పెట్టె మీదో లోపలి కాగితంలోనో ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఈరోజు మిల్లీలీటరు మూత్రంలో 6 మిల్లీ యూనిట్లు ఉన్నాయనుకుందాం. రెండు రోజులకు 12, నాలుగు రోజులకు 24, ఆరు రోజులకు 48. అంటే 25 మిల్లీ యూనిట్ల స్ట్రిప్ మీద నాలుగో రోజున ఉందో లేదో అన్నట్టు కనిపించే గీత, ఆరో రోజుకు ఎవరినీ అడగక్కర్లేనంత స్పష్టంగా ఉంటుంది. 48 గంటలు ఆగమనేది అందుకే. ఆరు గంటలకోసారి చేస్తే హార్మోన్ పెరగదు, కిట్లు ఖర్చవుతాయి.

సాయంత్రం గీత మాయమవడానికి ఇంకో లెక్క. పొద్దున 60 మిల్లీ యూనిట్లున్న మూత్రం, పగలంతా నీళ్లు బాగా తాగితే మూడింతలు పలచబడిందనుకోండి, 20కి దిగుతుంది. 10 దగ్గర పట్టే స్ట్రిప్ దాన్ని చూస్తుంది, 25 దగ్గర పట్టేది చూడలేకపోవచ్చు. ఒంట్లో హార్మోన్ అంతే ఉన్నా రెండు కిట్లు రెండు మాటలు చెబుతాయి. నెలసరి తేదీ దాటి వారం రోజులయ్యాక ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, అప్పుడు ఏ వేళ చేసినా సాధారణంగా తెలిసిపోతుంది. అంతదాకా మాత్రం పొద్దుటి మూత్రమే మేలు. రాత్రి డ్యూటీలవాళ్లు నాలుగు గంటలైనా మూత్రానికి వెళ్లకుండా, ఎక్కువ నీళ్లు తాగకుండా ఉండి చేస్తే చాలు. మూత్రం చిక్కబడాలని రోజంతా నీళ్లు మానేయడం మాత్రం వద్దు.

ఇక చేసే పద్ధతి. చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి. గడువు తేదీ చూడండి. కవరు చిరిగి ఉంటే ఆ కిట్ పక్కన పడేయండి, ఎందుకంటే లోపలి రసాయనాలకు తేమే శత్రువు (కవరులో చిన్న సిలికా పొట్లం పెట్టేది అందుకే, దాంతో టెస్ట్‌కి సంబంధం లేదు). బాత్రూమ్ అరలో, ఎండలో నిలిపిన కారులో దాచిన కిట్‌ని నేను లెక్కలోకి తీసుకోను. ఎక్కువ కిట్లను 30 డిగ్రీలు దాటని చోట పెట్టమంటారు. కవరు చేసే ముందే విప్పాలి, రాత్రి విప్పి పొద్దున వాడటం కాదు. మూత్రం పట్టే గిన్నె పొడిగా, సబ్బు జిగురు లేకుండా ఉండాలి. మూత్రం ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే గది వేడికి వచ్చాకే వాడండి.

క్యాసెట్ రకమైతే బల్ల మీద సమంగా పెట్టి, డ్రాపర్‌తో చిన్న గుంతలో కాగితం చెప్పినన్ని చుక్కలు వేయాలి. సాధారణంగా రెండు మూడు చుక్కలు. డ్రాపర్‌ని నిలువుగా పట్టుకుని గాలి బుడగ లేకుండా ఒక్కొక్కటే వేయండి. బుడగ పడితే చుక్క సగమే పడుతుంది, ద్రవం చివరిదాకా పాకదు. పాకడం ఆలస్యమైందని మళ్లీ రెండు చుక్కలు పోయడం ఇంకో తప్పు. ముంచే స్ట్రిప్ అయితే మ్యాక్స్ అని గుర్తున్న గీత దాటి మునగకూడదు. దాటితే ద్రవం కింద నుంచి వరుసగా పాకకుండా పై పొరను నేరుగా తడిపేస్తుంది, రంగు మరకలు మరకలుగా పరుచుకుంటుంది. చాలా రకాలకు 5 నుంచి 10 సెకన్లు ముంచితే చాలు, తీశాక పొడి చోట బల్లపరుపుగా పడుకోబెట్టాలి. నేరుగా ధార కింద పట్టే రకాన్ని పీల్చే కొన కిందికి ఉండేలా సుమారు 5 సెకన్లు పట్టాలి. మీ కిట్ కాగితం వేరే అంకె చెబితే అదే పాటించండి.

వెంటనే ఫోన్‌లో టైమర్ పెట్టండి. ఎక్కువ కిట్లను 3 నుంచి 5 నిమిషాల్లో చూడాలి, 10 నిమిషాలు దాటాక కనిపించినదాన్ని లెక్కచేయకూడదు. 1970ల చివర్లో ఇళ్లకు వచ్చిన తొలి కిట్లలో టెస్ట్‌ట్యూబ్‌ని రెండు గంటలు కదపకుండా ఉంచి, అడుగున ఉంగరంలా వలయం ఏర్పడిందేమో కింద అమర్చిన అద్దంలో చూసుకోవాల్సి వచ్చేది. దాంతో పోలిస్తే ఐదు నిమిషాలు ఆగడం కష్టమేమీ కాదు, అయినా చాలామంది రెండో నిమిషానికే నెగటివ్ అని చెత్తబుట్టలో పడేసి, సాయంత్రం మళ్లీ తీసి చూసి గీత ఉందని అదిరిపడతారు.

ఆ సాయంత్రపు గీతే అసలు తగువు. మూత్రం ఆరిపోయాక టి గీత (హార్మోన్ ఉంటేనే వచ్చే టెస్ట్ గీత) ఉండాల్సిన చోట బూడిద రంగులోనో, రంగులేని నీడలానో సన్నటి చార మిగలవచ్చు. దాన్ని ఆవిరి గీత అనుకోండి, అది గర్భం కాదు. నిజమైన గీతకు సి గీతకున్న (ప్రతి టెస్ట్‌లోనూ రావాల్సిన కంట్రోల్ గీత) రంగే ఉంటుంది, ఎంత లేతగా ఉన్నా సరే. వెడల్పు కూడా దాదాపు అంతే ఉంటుంది, పైనుంచి కిందికి తెగకుండా ఉంటుంది. స్ట్రిప్‌ని వెలుతురుకు ఎదురుగా పట్టి, వంచి, ఫోటోలో రంగులు మార్చి వెతికితే తప్ప కనిపించని గీతను గీత అనకండి, అనుమానం అనండి. నీలం రంగు కిట్లలో లేత నీలానికీ బూడిద నీడకీ తేడా చెప్పడం మరీ కష్టం, అందుకని అనుమానం వచ్చినప్పుడు గులాబీ రంగు రకమే వాడమంటాను. ఐదో నిమిషంలో ఒక ఫోటో తీసి తేదీ, టైమ్ రాసి ఉంచుకోండి, ఎల్లుండి దాన్ని జ్ఞాపకంతో కాక కళ్లతో పోల్చవచ్చు.

సి గీత గురించి ఒక మాట. ఆ గులాబీ రంగు నిజానికి అతి సన్నటి బంగారు రేణువులది. హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలకు వాటిని అంటిస్తారు. ద్రవం పాకుతుంటే అవి కూడా కొట్టుకొస్తాయి. హార్మోన్ ఉంటే టి దగ్గర ఆగుతాయి, మిగిలినవి సి దగ్గర ఆగుతాయి. అందుకే సి వచ్చిందంటే ద్రవం సరిగ్గా పాకిందని అర్థమే తప్ప, గర్భం గురించి అది ఏమీ చెప్పదు. సి రాలేదంటే టి ఎలా ఉన్నా ఆ టెస్ట్ చెల్లదు, కొత్త కిట్ తీయాలి. గర్భం కొంచెం ముదిరాక రంగంతా టి దగ్గరే ఖర్చయిపోయి సి లేతగా కనబడటం కూడా మామూలే, దానికి భయపడక్కర్లేదు. అదే విధంగా టి ముదురుగా ఉంటే కవలలని, రోజురోజుకూ ముదరకపోతే ఏదో తేడా అని లెక్కలు కట్టకండి. స్ట్రిప్ ఉందా లేదా అని చెప్పడానికి తయారైంది, ఎంత ఉందో కొలవడానికి కాదు. డిజిటల్ కిట్ లోపలా ఇలాంటి స్ట్రిప్పే ఉంటుంది, దాన్ని ఒక సెన్సర్ చదువుతుంది. నెగటివ్ వచ్చాక డబ్బా పగలగొట్టి లోపలి గీతలు చూసేవాళ్లున్నారు. అవి మన కళ్లతో చదవడానికి పెట్టినవి కావు.

గర్భం లేకుండా నిజమైన గీత రావడం అరుదు, కానీ కొన్ని సందర్భాలు తెలిసి ఉండాలి. పిల్లల కోసం చేసే చికిత్సలో అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఒంట్లోంచి పోవడానికి 10 నుంచి 14 రోజులు పట్టవచ్చు, అంతలోపు చేస్తే మీరు ఆ సూదినే చూస్తున్నారు. గర్భస్రావం, అబార్షన్, కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు గీత వస్తూనే ఉండొచ్చు. ముత్యాల గర్భంలోనూ (పిండం సరిగ్గా ఎదగక మాయ మాత్రం బుడగలు బుడగలుగా పెరిగే స్థితి), కొన్ని రకాల కణుతుల్లోనూ ఈ హార్మోన్ ఉంటుంది. నెలసరి ఆగే వయసులో పిట్యూటరీ గ్రంథి కూడా కొద్దిగా దీన్ని వదలవచ్చు. గర్భనిరోధక మాత్రలు, మామూలు యాంటీబయాటిక్స్, పారాసిటమాల్ వల్ల గీత రాదు.

మీ విషయంలో ఇంకో అవకాశం కూడా ఉంది, అది చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. పిండం అతుక్కుని కొద్ది రోజులకే ఎదగడం ఆగిపోతే, లేత గీత వచ్చి, తర్వాత పోయి, నెలసరి కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చేస్తుంది. దీన్ని కెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. టెస్ట్ తొందరగా చేయకపోయి ఉంటే నెలసరి ఆలస్యమైందనుకునేవారు, అంతే. మీరు తిన్నదాని వల్లో, మెట్లెక్కినందుకో ఇలా జరగదు, చాలాసార్లు ఆ పిండంలోని క్రోమోజోముల తేడాయే కారణం.

నెగటివ్ తప్పుగా రావడానికి అతి మామూలు కారణం తొందరపాటే. నెలసరి నాలుగు రోజులు ఆలస్యమంటే మీ లెక్క ప్రకారం. ఈ నెల అండం వారం ఆలస్యంగా విడుదలై ఉంటే మీరు నిజానికి ఇంకా నెలసరికి ముందే ఉన్నారు. నెలసరి క్రమం తప్పేవాళ్లు, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లు, పాలిస్తున్నవాళ్లు క్యాలెండర్ పక్కనపెట్టి, చివరిసారి జాగ్రత్త లేకుండా కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి చేయడం మంచిది. దీనికి తలకిందులుగా ఉండే కేసు కూడా ఒకటుంది: నెలలు గడిచాక హార్మోన్ విపరీతంగా పెరిగి, లేదా దాని ముక్కలు ఎక్కువై, యాంటీబాడీలన్నిటినీ ముంచేస్తే గీత రాకపోవచ్చు. రెండు మూడు నెలలుగా నెలసరి లేదు, వాంతులున్నాయి, స్ట్రిప్ మాత్రం నెగటివ్ అంటే స్కాన్‌కి వెళ్లండి.

ఎల్లుండి గీత స్పష్టంగా వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఫోలిక్ యాసిడ్ ఇంకా మొదలుపెట్టకపోతే రోజుకు 400 మైక్రోగ్రాములు సాధారణ మోతాదు. ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపకుండా, వాడుతున్నట్టు చెప్పి అడగండి. స్కాన్‌కి ఆత్రపడకండి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే సుమారు 5 వారాలకు సంచీ, 6 వారాల ప్రాంతంలో గుండె చప్పుడు కనిపిస్తాయి. అంతకుముందు వెళితే ఏమీ కనిపించక అనవసరంగా దిగులు. ఎల్లుండి కూడా అటూఇటూ కాకుండా ఉంటే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకోండి. 5 లోపు ఉంటే సాధారణంగా నెగటివ్, 25 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే 48 గంటల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ. ఒక్క అంకె కంటే రెండు అంకెల మధ్య పెరుగుదలే డాక్టర్‌కి ఎక్కువ చెబుతుంది. నెగటివ్ వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయండి, అప్పటికీ అంతే అయితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్ల పరీక్షలు చేయించుకోవాలి.

ఈ రెండు రోజుల్లో మాత్రం ఒక్కటి గమనించండి. పొత్తికడుపులో ఒకవైపు ఆగని నొప్పి, రక్తం పోవడం, కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి: వీటిలో ఏది వచ్చినా ఎల్లుండి దాకా ఆగకుండా, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ట్యూబులో గర్భం నిలిచినప్పుడు కూడా స్ట్రిప్ మీద గీత వస్తుంది, తరచూ ఇలాగే లేతగా. గర్భం ఎక్కడ ఉందో స్ట్రిప్ చెప్పలేదు. ఆసుపత్రిలో మొదటి మాటగా, నెలసరి ఎన్ని రోజులు ఆలస్యమైందో, నిన్న గీత వచ్చిందో చెప్పండి.