మొదటిసారి మీ ఇంట్లో సెడెర్ అయితే, ముందు ఆకలి సంగతి చూడండి

పెళ్లయ్యాక తొలి పస్కా సెడెర్ (యూదుల పస్కా పండుగ రాత్రి, ప్రార్థనలతో కలిపి చేసే విందు) మీ ఇంట్లోనే అని, పన్నెండు మంది వస్తున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. నేనూ న్యూజెర్సీలో ఒక యూదు కుటుంబానికి కోడలినే. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది ఆ బాధ్యత నా చేతికి వచ్చింది.

సెడెర్‌లో భోజనం చాలా ఆలస్యంగా వస్తుంది. మా వాళ్లు చీకటి పడ్డాకే మొదలుపెడతారు. ఈజిప్టు బానిసత్వం నుంచి యూదులు బయటపడిన కథ ఉండే హగ్గదా పుస్తకం చదవాలి, చిన్నపిల్లలు అందులోని నాలుగు ప్రశ్నలు అడగాలి, ఆ కథలో ఈజిప్టు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చెబుతూ ఒక్కో చుక్క వైన్ వేలితో తీసి పళ్లెంలో వేయాలి. అప్పుడు గానీ వడ్డన ఉండదు. మొదటిసారి నేను సూప్ పోసేసరికి పది కావచ్చింది. ఒక పాప కుర్చీలోనే నిద్రపోయింది. మరుసటి ఏడాది అత్తగారు ఉపాయం చెప్పారు. ఆరంభంలోనే కర్పాస్ అని ఒక కూరగాయనో ఆకుకూరనో ఉప్పునీటిలో ముంచి తింటారు. అక్కడ పార్‌స్లీ రెమ్మతో సరిపెట్టకుండా, ఉడికించిన బంగాళాదుంపలు పెద్ద పళ్లెం నిండా పెట్టండి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కుటుంబాల్లో అది పాత ఆనవాయితీయే.

మన వంటింటి వాళ్లకు ఇంకో మాట. గోధుమ, బార్లీ, ఓట్స్ వంటివి తడిసి పులిస్తే ఖమేత్స్, అంటే పస్కా రోజుల్లో ఇంట్లో ఉండకూడనివి; అందుకని రొట్టె, బిస్కట్లు ఎలాగూ తీసేస్తారు. ఇంగువ డబ్బా మరిచిపోకండి. బంగాళాదుంప వేపుడులో నేను చిటికెడు వేశాను. ఆడపడుచు డబ్బా తిప్పి చూస్తే అందులో గోధుమపిండి కలిసి ఉంది. వేపుడు, మూకుడు, గరిటె అన్నీ పక్కన పెట్టేశాం. ఎవరూ ఒక్క మాట అనలేదు గానీ, తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అన్నం, పప్పు సంగతి పెద్దవాళ్లను అడిగే తేల్చుకోండి. పస్కా రోజుల్లో సెఫార్డీలు (స్పెయిన్ మూలాల యూదులు) చాలామంది తింటారు, అష్కెనాజీలు (మధ్య, తూర్పు యూరప్ మూలాల వాళ్లు) సంప్రదాయంగా మానేస్తారు. 2015లో యూదు మతంలోని కన్సర్వేటివ్ శాఖ అష్కెనాజీలూ తినవచ్చని చెప్పినా మా అత్తగారు ముట్టరు.

హగ్గదాలు అందరికీ ఒకే ముద్రణవి తెప్పించండి, లేకపోతే పేజీలు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఆపిల్, అక్రోటు, దాల్చినచెక్కతో చేసే ఖరోసెత్ అనే తీపి ముద్ద ముందురోజే కలిపి పెట్టుకోవచ్చు. సెడెర్‌లో చేదు కూరగా తినే హార్స్‌రాడిష్ దుంప మాత్రం కిటికీ తెరిచి తురమండి. దాని ఘాటు ఆవపిండిలా ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది. తురిమిన వెంటనే మూత పెట్టకపోతే కారం పోతుంది.

ఆఫికోమెన్ అని దాచే మాట్సా (పస్కాకు పులియనివ్వకుండా చేసే పలుచని రొట్టె) ముక్క పిల్లలు వెతికి తెచ్చాకే, భోజనం తర్వాతి భాగం మొదలవుతుంది. ఎంతమంది పిల్లలు వస్తున్నారో లెక్కపెట్టి, అన్ని బహుమతులూ ముందే కొని ఉంచండి.