తప్పు జవాబులే కష్టపడి రాయాలె, బిడ్డా

హన్మకొండ

బిడ్డా, పెద్దబాపు ఆశీస్సులు.

నర్సు పిల్లల కోసం నువ్వు చేసిన జర్మన్ పదాల ఆన్‌లైన్ టెస్టు మొత్తం రాసిన. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదని నీకు తెలుసు గదా. అయినా సగానికి ఎక్కువే మార్కులొచ్చినయి. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ఏరిన పదాలకు వంక పెట్టను. తేడా అంతా తప్పు జవాబులల్ల ఉన్నది. ‘స్ప్రిట్జె’ అంటే ఏందని అడిగి కింద సూది, గొడుగు, పెళ్లి, రైలు అని పెట్టినవ్. పైన ఆస్పత్రి మాటలు అని రాసినంక సూది కాక ఇంకేం నొక్కుతరు? దాని పక్కన కట్టు, పూతమందు, థర్మామీటర్ పెట్టు. నాలుగూ ఒకే వార్డుల దొరికేవి అయితేనే తెలిసిన పిల్లెవరో, తెల్వని పిల్లెవరో బయటపడుతది. ఇంకోటి, సరైన జవాబునే పొడుగ్గ, వివరంగ రాస్తున్నవ్. హుషారు పిల్లలు ప్రశ్న చదవకనే పొడుగుది నొక్కుతరు. ‘ఫీబర్’ అసొంటివి ఇంగ్లిష్ ‘ఫీవర్’ తెలిసినోళ్లు చూసి పట్టేస్తరు, ఒకటి రెండు చాలు.

వార్డు మాటలకు వేరే టెస్టు పెట్టు, మామూలు పదాలతోని కలపకు. మామూలు వాటికి జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బి1 (నడిమి స్థాయి) జాబితా ఉన్నది, సుమారు 2,400 పదాలు. నీకు నచ్చినవి ఏరకుండ, వరుసల ప్రతి 40వ పదం తీసుకో, 60 ప్రశ్నలైతయి. ఒక పిల్లకు 45 ఒప్పు, 15 తప్పు వచ్చినయనుకో. నాలుగు జవాబులల్ల గుడ్డిగ నొక్కినా కొన్ని తగులుతయి కాబట్టి, తప్పులల్ల మూడోవంతు, అంటే 5 తీసెయ్. మిగిలిన 40ని బట్టి 1,600 పదాల దాక వచ్చని అంచనా. పాల్ నేషన్, డేవిడ్ బెగ్లర్ 2007ల ఇంగ్లిష్‌కు చేసిన పరీక్ష కూడ ఇసొంటి నమూనా లెక్కే: 14,000 పదకుటుంబాలకు (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం), వెయ్యికి పది చొప్పున 140 ప్రశ్నలు.

‘ఈ పదం తెలుసా, తెల్వదా’ అని టిక్కు పెట్టించే టెస్టు అల్కగ తయారైతది, నాకూ ఇష్టమే. కాని అండ్ల భాషలనే లేని, ఉత్తగ కల్పించిన పదాలు కొన్ని కలపాలె. లెక్స్‌టేల్ అనే ఇంగ్లిష్ పరీక్షల 60కి 20 అట్ల కల్పించినవే. లేనిదాన్ని కూడ తెలుసనే పిల్లలు ఎంతమంది ఉంటరో చూస్తె నవ్వొస్తది నీకు.

టైపు చేయించేకాడ చుక్కల అక్షరాలు ఫోన్‌ల దొరకక తిప్పలు పడుతరు. ‘ä’కు బదులు ‘ae’ కొట్టినా ఒప్పుకునేటట్టు ఫారంల రెండు జవాబులూ పెట్టు. పేరు మాటల ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, దస్ దగ్గర మాత్రం కనికరం వద్దు.

అందరికీ పంపేముందు ఓ పిల్లను పక్కన కూసోబెట్టుకుని, జవాబు ఎట్ల పట్టిందో పైకి చెప్పుకుంట రాయమను. తర్వాత క్లాసంతా రాసినంక జవాబుల షీటును మార్కుల వరుసల పెట్టు. పైన మూడోవంతు పిల్లలు తప్పి, కింద మూడోవంతు ఒప్పు రాసిన ప్రశ్న ఉంటే పిల్లల్ని అనకు, ప్రశ్న తీసెయ్.

టైము బిగించకు. ఎంజీఎం ఆస్పత్రిల నైట్ డ్యూటీ దిగి బస్సుల కూసొని రాసేటోళ్లుంటరు, కాజీపేట దాటంగనే సిగ్నల్ పోయిందంటే మార్కులు కోసెయ్యొద్దు. ఆ షీటు వచ్చినంక నాకు పంపు.

మీ పెద్దబాపు