టెక్ సందేహాలు: ఫిల్టర్ ధర ఒక్కటే చూస్తే సరిపోదు

ప్రశ్న: విశాఖ జ్ఞానాపురంలో మా ఆఫీసు. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ముతో సెంట్రల్ ఏసీ ఫిల్టర్లు త్వరగా నిండిపోతున్నాయి. మెర్వ్ 8 (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును ఆపుతుందో చెప్పే రేటింగ్) తీసేసి మెర్వ్ 13 వేయమంటున్నారు సర్వీసు వాళ్లు. కరెంటు బిల్లు పెరుగుతుందా? పాత ఫిల్టర్లు కడిగి వాడుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వేయండి. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేవి సన్నటి కణాలే. 0.3 నుంచి 1 మైక్రాన్ వరకు ఉండే కణాల్లో కనీసం సగాన్ని మెర్వ్ 13 ఆపాలి. మెర్వ్ 8కి ఆ నిబంధనే లేదు. మీ చుట్టూ ఉన్న గాలికి అది చాలదు.

బిల్లు సంగతి ఫిల్టర్ లోతును బట్టి ఉంటుంది. పాతదాని చోట అంతే పలుచని మెర్వ్ 13 బిగిస్తే గాలికి అడ్డు పెరుగుతుంది. ఈ అడ్డును పాస్కల్‌లలో కొలుస్తారు. సెకనుకు ఒక ఘనపు మీటరు గాలి, సగటున 150 పాస్కల్‌ల అడ్డు, ఫ్యాను, మోటారు కలిపి 50 శాతం సామర్థ్యం అనుకోండి. ఒక్క ఫిల్టర్‌ను దాటించడానికే 300 వాట్లు కావాలి. ఏడాదికి 3,000 గంటలు నడిస్తే 900 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే 8,100 రూపాయలు. మడతలు ఎక్కువున్న లోతైన ఫిల్టర్‌తో ఆ అడ్డు 100 పాస్కల్‌లకు దిగితే 2,700 రూపాయలు మిగులుతాయి. అందుకే కొటేషన్‌లో ధరతో పాటు, మీ గాలి పరిమాణం దగ్గర ఎన్ని పాస్కల్‌లో రాసిమ్మని గట్టిగా అడగండి.

ఈ లెక్క గాలి తగ్గకుండా ఫ్యాను వేగం పెంచే వీఎఫ్‌డీ ఉన్నచోట వర్తిస్తుంది. అది లేకపోతే ఫ్యాను బిల్లు పెద్దగా పెరగకపోవచ్చు గానీ గాలి తగ్గుతుంది, గదులు చల్లబడవు. అప్పుడు అందరూ ఏసీ ఉష్ణోగ్రత ఇంకా తగ్గిస్తారు. నష్టం అక్కడ మొదలవుతుంది.

మూడు నెలలకోసారి మార్చాలన్న లెక్క మీకు పనికిరాదు. సముద్రపు ఉప్పు కణాలు తేమను పీల్చుకుంటాయి. ఉక్కపోత రోజుల్లో నిండిన ఫిల్టర్ అడ్డు ఇంకా పెరగవచ్చు. ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి సన్నటి గొట్టాలు పెట్టి ప్రెషర్ గేజ్ బిగించండి. తయారీదారు చెప్పిన తుది పాస్కల్‌లకు ముల్లు చేరినప్పుడు మార్చండి. పాతది తీసినప్పుడు ఫ్రేము అంచు కూడా చూడండి. అక్కడ నల్లటి చార కనిపిస్తే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పక్కనుంచి పోతోందని అర్థం. ఆ సందును మూసే గ్యాస్కెట్ వేయించకుండా ఎంత మంచి ఫిల్టర్ కొన్నా డబ్బు దండగే.

మెర్వ్ 13ను మాత్రం కడగవద్దు. ఈ రకం సింథటిక్ ఫిల్టర్లలో చాలావాటికి కణాలను లాగే విద్యుదావేశం ఉంటుంది. కడిగితే అది తగ్గిపోవచ్చు. ఫిల్టర్ చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, సన్నటి దుమ్మును వదిలేస్తుంది. దాని ముందు కడుక్కోగలిగే ముతక ఫిల్టర్ ఒకటి పెట్టించండి. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి, తడిగా బిగిస్తే బూజు పడుతుంది.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మా ఇంటి స్ప్లిట్ ఏసీ జాలీ పొగను ఆపుతుందా?

జవాబు: ఆపదు. అది కాయిల్‌ను ముతక దుమ్ము నుంచి కాపాడేందుకు పెట్టింది. రెండు వారాలకోసారి కడగండి. పొగకు, అతి సన్నటి కణాలను కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫైయర్ వేరే కొనాలి.