డీజిల్ బండి కొనబోయే అల్లుడికి

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ చూశావనీ, అమ్మేవాడు తొందరపెడుతున్నాడనీ మీ అమ్మ చెప్పింది. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు.

ఆ బోనెట్ కింద ఉండేది ఇటలీ ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజన్. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 75 హార్స్‌పవర్, 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, అన్నిట్లోనూ ఇదే. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి వాళ్లు డీజిల్ మానేశారు కానీ, దీన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ఇప్పటికీ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు.

వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా తిప్పడానికి దీనికి టైమింగ్ బెల్టు ఉండదు, చెయిన్ ఉంటుంది. "చెయినంటే జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అంటారు. నేనూ అలాగే నమ్మాను. ఆ చెయిన్‌ను బిగించి పట్టే టెన్షనర్ ఇంజనాయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఇందులో పట్టేదే మూడు లీటర్ల చిల్లర ఆయిల్. ఒక లీటరు తగ్గినా చెయిన్ వదులై చక్రం పళ్లు దాటొచ్చు, అప్పుడు పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. నా బండి నెల రోజుల పాటు పొద్దున్నే గరగరమంది. ఆయిల్ ఎంతుందో చూపే స్టిక్ ఒక్కసారి బయటికి లాగి చూస్తే సరిపోయేది. చూడకుండానే తిరుపతి బయల్దేరాను. ఒంగోలు దాటాక రోడ్డు పక్కన ఆగిపోయింది. ఇంజన్ పైభాగం, అదే హెడ్, విప్పితే వాల్వులను నొక్కే రాకర్లు విరిగి ఉన్నాయి. మీ అత్తయ్య ఆ బిల్లు సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఆ బండిని మధ్యాహ్నం చూడొద్దు. తెల్లారే వెళ్లు, నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఎందుకో అడుగు. సెల్ఫ్ కొట్టాక మొదటి రెండు మూడు సెకన్లు ఎడమ కుడి చూడకు, విను. డీజిల్ టకటకలు మామూలే. డబ్బాలో గొలుసు ఆడిస్తున్నట్టు చప్పుడొస్తే బేరం అక్కడితో ఆపు. లేదా చెయిన్ కిట్ ఖర్చు ధరలోంచి తీయించు.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తియ్యి. గుప్పుగుప్పున పొగ తంతే పిస్టన్ రింగులు అరిగినట్టే. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్లపొగకి అంత భయపడకు. ఇంజన్లోకి గాలి కూరే టర్బో గొట్టం చీలడమో, కాలిన పొగని కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టడమో అయి ఉంటుంది. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. మెకానిక్ నేరుగా డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలంటే మాత్రం ఇంకో చోట చూపించు.

1800 ఆర్‌పీఎం లోపు దీనికి లాగుడు ఉండదు. అది జబ్బు కాదు, టర్బో లేచేదాకా అంతే. స్పీడ్ బ్రేకర్ దాటి మూడో గేర్‌లో ఏడిపించకుండా రెండుకి దించు.

కొన్నాక డీజిల్ రిజర్వ్‌కి రానివ్వకు, హైప్రెషర్ పంపుకి ఆ డీజిలే నూనె. ఫిల్టర్‌లో నీళ్లు వర్షాకాలంలో తీయించు. ఆయిల్ పదివేల కిలోమీటర్లకు మార్చు, స్టిక్ మాత్రం పదిహేను రోజులకోసారి చూడు.

ఇంకొకటి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని ఆంక్ష పెట్టాక అక్కడివి చవగ్గా ఇక్కడికి వచ్చాయి. డీఎల్ నంబరైతే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), లైఫ్ టాక్స్ లెక్క కలుపుకో, అప్పుడు అంత చవక అనిపించదు.

శనివారం ఆరింటికి వెళ్తే నాకు ఫోన్ చెయ్యి. లేచే ఉంటాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టు, నేనూ వింటాను.

మీ మామయ్య